కడుపుతో ఉంటే గుండెకు ఓవర్‌టైం!

మీకు తెలుసా? నెలలు పెరిగేకొద్దీ తల్లి గుండె నిమిషానికి పది నుంచి ఇరవై సార్లు ఎక్కువగా కొట్టుకుంటుంది. మధ్యేమార్గంగా పదిహేను వేసుకుందాం. రోజుకు 21,600 సార్లు అదనం! "కూర్చున్న చోటు నుంచి కదల్లేదు, అంత ఆయాసం ఎందుకే?" అని దీర్ఘాలు తీసే పెద్దత్త ముందు ఈ అంకె పెట్టండి. ఆవిడే చాప పరిచి పడుకోబెడుతుంది.

ఆ గుండె తోసే రక్తం ఎంతో తెలుసా? నిమిషానికి ఆరు, ఆరున్నర లీటర్లు. రోజు మొత్తం కలిపితే సుమారు తొమ్మిది వేల లీటర్లు. ఎండాకాలం వీధి మలుపులో వచ్చి ఆగే నీళ్ళ లారీ ఒకటి నిండిపోతుంది. ఇంకా అలసట ఎందుకని అడుగుతారా!

తేని జిల్లా చిన్నమనూరు. అటు మేఘమలై కొండలు, ఇటు ముల్లై పెరియారు నీళ్ళు, నడుమ అరటి, కొబ్బరి, ద్రాక్ష తోటలు. నాయకరాజుల కాలం నుంచి ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుకునే కుటుంబాలు ఈ లోయలో ఎన్నో. ఏ ఇంటి పిల్ల నెల తప్పినా సలహాలకు లోటు లేదు. లోటల్లా లెక్కలకే! ఒంట్లో పుట్టే ప్రతి ఇబ్బంది వెనకా ఒక అంకె దాగి ఉంది. రండి, ఒక్కొక్కటే బయటికి లాగుదాం.

నెల తప్పిందో లేదో తేల్చడానికి పాతకాలం ఈజిప్టువాళ్ళు ఏం చేసేవారో తెలుసా? గోధుమ, బార్లీ గింజల మీద ఆ స్త్రీ మూత్రం పోసి మొలకలొస్తాయేమో చూసేవారు. నవ్వకండి. 1963లో శాస్త్రవేత్తలు అదే పని చేసి చూశారు. గర్భిణుల మూత్రం పోస్తే వందకు డెబ్బై సార్లు గింజలు మొలిచాయి! ప్రయోగశాల లేదు, గింజలు మాత్రం పాసయ్యాయి.

ఇక వేవిళ్ళు. వాటిని 'పొద్దుటి వాంతులు' అని పిలుస్తున్నారు కదా, ఎంతమందికి పొద్దున మాత్రమే వస్తాయో చెప్పగలరా? 2000లో కెనడాలో 160 మంది గర్భిణులను వరసగా గమనించారు. పొద్దున మాత్రమే వికారం ఉన్నవాళ్ళు 1.8 శాతం! రోజంతా తిప్పుతూనే ఉందన్నవాళ్ళు 80 శాతం. మధ్యాహ్నం మూడింటికి వాంతయితే కంగారు పడకండి. వికారానికి గడియారం చూడటం రాదు.

వందమందిలో డెబ్బై, ఎనభై మందికి వేవిళ్ళు తప్పవు. ఆరో వారం ప్రాంతంలో మొదలై, తొమ్మిదో వారానికి ముదిరి, ఎక్కువమందికి ఇరవయ్యో వారంలోపు సర్దుకుంటాయి. అంటే అయిదో నెల సీమంతానికి పులిహోర రుచి తెలుస్తుందన్నమాట!

ఇంతకీ వాంతులు తెప్పించే దొంగ ఎవరో మీకు తెలుసా? చాలా ఏళ్ళు ఎవరికీ తెలియదు. 2023 డిసెంబరులో 'నేచర్' పత్రికలో పట్టుబడింది. పేరు జీడీఎఫ్15, ఒక హార్మోను. దాన్ని ఎక్కువగా పంపేది బిడ్డ, మాయ. మెదడులో వికారం పుట్టించే చోటుకు వెళ్ళి అది గంట కొడుతుంది. ఇంకో చిత్రం: గర్భం రాకముందు ఒంట్లో ఈ హార్మోను తక్కువగా ఉన్న స్త్రీకే వేవిళ్ళు ఎక్కువ. అలవాటు లేని ఒంటికి ఒక్కసారిగా మోతాదు తగిలిందన్నమాట!

దీనికి సాక్ష్యం ఎక్కడ దొరికిందో ఊహించండి. మన పక్కనే, శ్రీలంకలో! బీటా తలసీమియా ఉన్న అక్కడి స్త్రీలకు ఈ హార్మోను ముందు నుంచే ఎక్కువ. వాళ్ళకు వేవిళ్ళు దాదాపు లేవు. రామేశ్వరం అవతల ఇంత పెద్ద చిక్కుముడి విడిపోతుందని ఎవరనుకున్నారు!

ఆ పరిశోధన నడిపిన వాళ్ళలో ఒకరు మార్లినా ఫెయ్‌జో. 1999లో ఆవిడకే ఈ వాంతులు ముదిరి నీళ్ళు కూడా లోపల నిలవలేదు. బిడ్డ దక్కలేదు. నలుగురి దృష్టి కోసం చేస్తున్నావని అప్పటి వైద్యుడు అన్నాడట. ఆవిడ ఊరుకుందా? ఇరవై ఏళ్ళకు పైగా వెతికి అసలు కారణం లోకం ముందు పెట్టింది. "అంతా నీ మనసులోనే ఉందిలే" అనే మాట ఇక ఏ అత్తా, ఏ డాక్టరూ అనడానికి వీల్లేదు!

వాంతులు యువరాణినీ వదలవని తెలుసా? 2012 డిసెంబరులో బ్రిటన్ రాజకుటుంబపు కోడలు కేట్ వీటితోనే ఆసుపత్రిలో చేరారు. లోకానికి శుభవార్త అలాగే తెలిసిపోయింది! నీళ్ళు కూడా నిలవకపోయినా, మూత్రం తగ్గి రంగు ముదిరినా, తూకం పడిపోతున్నా మీరూ ఆసుపత్రికే. ఓర్చుకుంటే పతకాలేమీ ఇవ్వరు.

మరి వాంతులు ఆగడానికి మందుల షాపులో అడిగి మాత్ర కొనేస్తే? ఆగండి! 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అనే మాత్ర బజారుకొచ్చింది. నిద్రకు, వేవిళ్ళకు భేషైనదన్నారు. 1961లో వెనక్కి తీసుకునేలోపు పది వేలమందికి పైగా పసివాళ్ళు వంకరపోయిన చేతులతో, కాళ్ళతో పుట్టారు. అమెరికాలో మాత్రం ఫ్రాన్సెస్ కెల్సీ అనే ఒక్క అధికారిణి "రుజువులు చాలవు" అని సంతకం పెట్టకుండా కూర్చుంది. ఒక్క సంతకం ఆగితే ఎన్ని ఇళ్ళు నిలబడ్డాయో చూడండి! డాక్టరు రాసిన మందులే వేసుకోండి. కొద్దికొద్దిగా, పలుమార్లు తినడం, అల్లం ముక్క నమలడం మాత్రం ఇంట్లో చేసుకోవచ్చు.

చిన్నమనూరుకు దగ్గర్లోనే బోడినాయకనూరు, ఏలకుల వేలంపాటలకు పేరుమోసిన ఊరు. ఆ ఘుమఘుమకు పరవశించని వారెవరు? మూడో నెల పిల్ల! మూడింట రెండు వంతుల గర్భిణులు తమ ముక్కు పదునెక్కిందనే చెబుతారు. చిత్రమేమిటంటే, పరీక్ష పెడితే ముక్కు శక్తి దాదాపు మామూలే. పెరిగింది వాసన మీద వెగటు. పోపు పెట్టేముందు ఆమెను వరండాలోకి పంపండి, ఇల్లంతా సుఖపడుతుంది!

పిల్ల దొంగతనంగా బలపాలు కొరుకుతోందా? పచ్చి బియ్యం నములుతోందా? విభూతి గుప్పెడు నోట్లో వేసుకుంటోందా? ఫ్రిజ్‌లోని ఐసుముక్కలు మాయమవుతున్నాయా? 'వేవిళ్ళ కోరికలు' అని మురిసిపోకండి. ఒంట్లో ఇనుము తగ్గినప్పుడు ఇలాంటి కోరికలు పుడతాయి. పలక మీద రాయాల్సిన బలపం పొట్టలోకి పోయిందంటే రక్తపరీక్ష చేయించాల్సిందే!

మీకు తెలుసా? గర్భంతో ఉన్నప్పుడు రక్తం తగ్గదు, 40 నుంచి 50 శాతం పెరుగుతుంది! మరి రక్తహీనత ఎందుకంటారా? రక్తంలో నీటి భాగం ఎర్రకణాలకంటే వేగంగా పెరుగుతుంది, అంతే. రక్తం పెరిగి రక్తం పలచబడిన విడ్డూరం ఇది. హిమోగ్లోబిన్ 11 కంటే, నడిమి మూడు నెలల్లో 10.5 కంటే దిగితే రక్తహీనత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో గర్భిణులు నూటికి 52 మంది రక్తహీనులు. సగం కంటే ఎక్కువ! కళ్ళు తిరగడం, మెట్టెక్కితే దడ, పాలిపోయిన కనురెప్పలు... ఇవి బద్ధకం కావు బాబూ!

అందుకే సర్కారు చేతిలో పెట్టే ఎర్రమాత్ర. రోజుకొకటి, 180 రోజులు. దాన్ని దగ్గరగా చూడండి: ఆ బుల్లి గుండులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం. మింగిన రెండు మూడు రోజులకు విరేచనం నల్లగా వస్తుంది. చూసి హడలిపోయి మాత్ర మానేసేవాళ్ళు బోలెడుమంది. అది ఇనుము రంగే, అపాయం లేదు!

ఆ మాత్రకు ఆగర్భ శత్రువు ఎవరో తెలుసా? వేడివేడి ఫిల్టర్ కాఫీ! కాఫీ, టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. మిత్రులు నిమ్మరసం, ఉసిరికాయ. కాఫీకీ మాత్రకూ నడుమ గంటైనా ఎడం పెట్టండి. తమిళనాట పొద్దున్నే కాఫీ మానమనడం కన్నా ఇది సులువు!

ఇప్పుడు నాకెంతో ఇష్టమైన కథ. ఆ మాత్రలోని ఫోలిక్ ఆమ్లం ఎక్కడెక్కడ తిరిగి మన నోటికి వచ్చిందో మీకు తెలుసా? 1928లో లూసీ విల్స్ అనే బ్రిటిష్ డాక్టరమ్మ బొంబాయి వచ్చింది. మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులకు ఒక వింత రక్తహీనత. ఇనుముకు లొంగలేదు. 1929లో ఆవిడ కూనూరు పాస్టర్ ఇన్‌స్టిట్యూట్‌కు చేరింది. అవును, కోయంబత్తూరు మీదుగా కొండెక్కితే వచ్చే కూనూరే! తర్వాత మద్రాసులోని గోషా ఆసుపత్రిలో పనిచేసింది. చివరికి జబ్బు దేనికి లొంగిందంటారా? ఇంగ్లీషువాళ్ళు రొట్టెకు రాసుకునే ఈస్టు ముద్ద, మార్మైట్‌కు! ఖరీదైన మందులు ఓడిపోతే చవక ముద్ద గెలిచింది.

ఆ ముద్దలో ఉన్నదేమిటో తేలడానికి ఇంకో పదేళ్ళకు పైనే పట్టింది. 1941లో పాలకూర ఆకుల నుంచి అమెరికాలో దాన్ని విడదీశారు. ఆకు లోంచి వచ్చింది గనక ఆ పేరు. మరి దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది ఎవరి బృందం? 1945లో, అమెరికాలోని లెడర్లీ సంస్థలో, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం! చిన్నమనూరు తెలుగు పిల్ల పొద్దున్నే మింగే మాత్రలో సగం కథ భీమవరానిదే.

ఇంకో కాకతాళీయం వినండి. సుబ్బారావుగారు పుట్టింది 1895 జనవరిలో. ఈ లోయకు నీళ్ళిచ్చే ముల్లపెరియారు ఆనకట్టను ప్రారంభించింది 1895 అక్టోబరులో. ఒకే ఏడు పుట్టిన ఇద్దరు, ఒకరు పొలానికి, ఒకరు గర్భానికి!

కూనూరు కథ ఇంకా అయిపోలేదు. 1918లో మెక్‌కారిసన్ అనే డాక్టరు అక్కడ ఒక చిన్న గదిలో మొదలుపెట్టిన ఆహార పరిశోధన పెరిగి పెద్దదై 1958లో కొండ దిగి హైదరాబాదు చేరింది. నేడు దాన్నే జాతీయ పోషకాహార సంస్థ అంటున్నాం. గర్భిణికి రోజుకు అదనంగా కావలసింది 350 కేలరీలే అన్నది అక్కడి లెక్కే. "ఇద్దరికి సరిపడా తినాలమ్మా" అంటూ రెండో కంచం పెట్టే వదినకు ఈ అంకె కాస్త నిరాశే!

మీకు తెలుసా? బిడ్డ మెదడు, వెన్నుపాముగా మారే గొట్టం మూసుకునేది గర్భం నిలిచిన 28 రోజుల్లోపే. చాలామందికి అప్పటికి నెల తప్పిన సంగతే అనుమానం! అందుకే ఫోలిక్ మాత్ర బిడ్డ కావాలనుకున్నప్పుడే మొదలుపెట్టమంటారు. 1991లో బ్రిటన్ ఆధ్వర్యంలో జరిగిన పరీక్షలో, ముందొక కాన్పులో బిడ్డకు ఈ గొట్టం సరిగా మూసుకోని తల్లుల్లో మళ్ళీ ఆ లోపం వచ్చే ముప్పును ఫోలిక్ ఆమ్లం 72 శాతం తగ్గించింది. ఒక్క మాత్ర ఇంత పని చేస్తే నోరెళ్ళబెట్టక ఏం చేస్తాం!

గర్భసంచి సంగతి చెప్పనా? మామూలుగా దాని తూకం 70 గ్రాములు, లోపల పట్టేది రెండు చెంచాల నీళ్ళు. నెలలు నిండేసరికి కిలోకు పైన తూకం, అయిదు లీటర్ల చోటు. అయిదు వందల రెట్లు! మళ్ళీ ఆరు వారాల్లో దాదాపు పాత కొలతకు వచ్చేస్తుంది. లోకంలో ఏ సంచి అయినా ఇలా చేస్తుందా!

గుండెల్లో మంట పుడితే బిడ్డకు ఒత్తయిన జుట్టట. పుక్కిటి పురాణమని తేల్చేద్దామని 2006లో జాన్స్ హాప్కిన్స్ వాళ్ళు 64 మంది గర్భిణులను పరీక్షించారు. మంట బాగా ఉన్న 28 మందిలో 23 మందికి ఓ మోస్తరు నుంచి గుబురు జుట్టున్న బిడ్డలు! మంట అసలు లేని 12 మందిలో 10 మంది పిల్లలకు జుట్టు పలచన. అబద్ధమని చెప్పబోయిన శాస్త్రవేత్తలు అవ్వల జట్టులో చేరిపోయారు!

మూత్రానికి పదిసార్లు లేస్తోందా? మూత్రపిండాల వడపోత సగానికి సగం పెరుగుతుంది మరి. రాత్రి లేచి లైటు వేసిందని మొగుడుగారు విసుక్కుంటే, ఆయన్నే లేచి వేయమనండి!

ఊపిరి అందడం లేదంటోందా? పొట్ట నెట్టడంతో ఉదరవితానం నాలుగు సెంటీమీటర్లు పైకి జరుగుతుంది. అయినా ప్రతి శ్వాసలో పీల్చే గాలి 30, 40 శాతం పెరుగుతుంది. చోటు తగ్గి సరుకు పెరిగింది! పడుకుంటే ఆయాసం ముంచుకొస్తే, ఛాతీ నొప్పి ఉంటే మాత్రం ఆలస్యం చేయొద్దు.

నడుం నొప్పి గురించి 2007లో తేలిన ముచ్చట వింటారా? మగవాళ్ళ నడుం వంపు రెండు పూసల మీద ఉంటే, ఆడవాళ్ళది మూడు పూసల మీద పరుచుకుని ఉంటుంది. పొట్ట ముందుకొచ్చినా ముందుకు తూలకుండా ఉండే ఏర్పాటు! ఇరవై లక్షల ఏళ్ళ కిందటి శిలాజాల్లోనూ ఇదే తేడా. అప్పటి గర్భిణీ నడుం పట్టుకునే నడిచిందేమో!

పెరుగు తోడు వేయడం మరిచిపోతోందా? 2016లో స్కాన్లు తీసి చూస్తే గర్భంతో మెదడులోని బూడిదరంగు పదార్థం కొన్నిచోట్ల తగ్గింది, రెండేళ్ళ దాకా అలాగే ఉంది. ఎంత కచ్చితమైన మార్పంటే, స్కాన్ చూసి ఎవరు తల్లయ్యారో కంప్యూటరు చెప్పేసింది! తగ్గిందంటే పాడైందని కాదు. ఆ మార్పు ఎక్కువగా ఉన్నవాళ్ళకే బిడ్డమీద మమకారం ఎక్కువని తేలింది. పెరుగు పోతే పోయిందిలెండి.

ఎనిమిదో నెలలో పొట్ట బిగుసుకుని వదిలేస్తోందా? దొంగ నొప్పులు. 1872లో వాటిని వివరించిన డాక్టరు జాన్ బ్రాక్స్టన్ హిక్స్. ఆ నొప్పులు పడింది కోట్లమంది ఆడవాళ్ళు, పేరు దక్కింది ఒక మగాయనకు! కాసేపు నడిచినా, పక్కకు ఒరిగినా తగ్గిపోతే దొంగవే. దగ్గరదగ్గరగా, గట్టిపడుతూ వస్తే సంచి సర్దండి.

ఇప్పుడు నవ్వు ఆపి ఒక్క నిమిషం వినండి. ఇరవయ్యో వారం దాటాక రక్తపోటు 140/90 అయిందా? తలనొప్పి పగలగొడుతోందా? కళ్ళముందు మెరుపులా? ముఖం, చేతులు ఉన్నట్టుండి ఉబ్బాయా? పొట్ట పైభాగాన నొప్పా? సాయంత్రానికి పాదాలు కాస్త వాయడం మామూలే, ఇది మామూలు కాదు. రక్తస్రావం, జ్వరం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలిక తగ్గడం, ఇవీ అంతే. తెల్లారాక చూద్దాం అనకండి. 108కి ఫోన్ చేయండి. ఆ అంబులెన్సు మొదట రోడ్డెక్కింది హైదరాబాదులో, 2005 ఆగస్టు 15న. తమిళనాడుకు 2008లో వచ్చింది. అర్ధరాత్రయినా ఆ మూడంకెలు పనిచేస్తాయి!

తమిళనాట ప్రభుత్వమే సీమంతం చేస్తుందని మీకు తెలుసా? అంగన్‌వాడీల ద్వారా గర్భిణులను ఒకచోట చేర్చి, గాజులు తొడిగి, రకరకాల అన్నాలు వడ్డించే 'సముదాయ వళైకాప్పు' అది. పైగా ముత్తులక్ష్మి రెడ్డి పేరిట 18,000 రూపాయల ప్రసూతి సాయం, అందులోనే పోషకాహార పెట్టెలు. గాజుల గలగల సర్కారు ఖర్చులో మోగడం ఎంత సొగసు!

మొగుళ్ళకూ వేవిళ్ళు వస్తాయని చెబితే నమ్ముతారా? భార్యతో పాటు వికారం, పొట్ట ఉబ్బరం పడే మగవాళ్ళు నిజంగానే ఉన్నారు. 1874లో దుమ్ముగూడెంలో ఉన్న జాన్ కెయిన్ అనే పాదిరీ గోదావరి ఒడ్డు ఎరుకల ఇళ్ళలో చూసింది రాశాడు: భార్యకు నొప్పులు మొదలవగానే భర్త ఆమె చీర కట్టి, బొట్టు పెట్టుకుని, చిన్న దీపం వెలిగే గదిలో ముసుగుతన్ని పడుకునేవాడట! నొప్పులు పంచుకోవాలన్న ఆలోచనే ముచ్చటేస్తోంది.

తొమ్మిది నెలలకే విసిగిపోయారా? చిన్నమనూరు నుంచి పైకి వెళ్తే మేఘమలై, 2021లో పులుల అభయారణ్యంగా మారిన అడవి. అక్కడి ఏనుగమ్మ మోసేది దాదాపు 22 నెలలు! ఆమెకు గనక వేవిళ్ళుంటే అడవి ఏమైపోయేదో!

బిడ్డ బయటికొచ్చాక అంతా అయిపోయిందనుకుంటున్నారా? కొడుకును కన్న తల్లి రక్తంలో 27 ఏళ్ళ తర్వాత కూడా మగబిడ్డ కణాలు దొరికాయని 1996లో తేలింది. కొడుకు మదురైలో ఉద్యోగం చేసుకుంటున్నా కాస్త అమ్మలోనే ఉండిపోయాడు!

కాన్పయిన మూడో నెలలో జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడితే బెంగపడకండి. గర్భంలో రాలకుండా ఆగిన వెంట్రుకలు ఇప్పుడు కలిసి రాలుతున్నాయి. ఏడాదిలోపు మళ్ళీ వచ్చేస్తాయి!

మళ్ళీ వెనక్కి రానిది ఒకటుంది. పాదం! 2013లో అమెరికాలోని అయోవాలో 49 మంది గర్భిణుల పాదాలు కొలిచారు. కాన్పయిన అయిదు నెలలకు చూస్తే అరవై, డెబ్బై శాతం మందికి పాదం పొడవు, వెడల్పు పెరిగి అలాగే ఉండిపోయాయి. రెండు మిల్లీమీటర్ల నుంచి పది దాకా! మొదటి కాన్పుకే ఎక్కువ తేడా. సీమంతానికి పట్టీలు పెట్టుకోండి, చెప్పులు మాత్రం కాన్పయ్యాకే కొనండి. పాత జత చెల్లెలికి ఇచ్చేయండి, ఆమె పాదం ఇంకా పెరగలేదుగా!